చలి ప్రాంతంలో అంజూర: కొమ్మ ముక్క నుంచి కాయ దాకా

అంజూర కొమ్మ ఒకటి కోసి నేలలో గుచ్చితే చాలు, అదే చెట్టవుతుందని చాలామంది చెబుతారు. వెచ్చటి ప్రాంతాల్లో అది నిజమే. కానీ ఏడాదిలో మూడు నాలుగు నెలలు నేల గడ్డకట్టే చోట ఆ మాట నమ్మి గుచ్చితే కొమ్మ బయటైతే చలికి మాడిపోతుంది, ఇంట్లో అయితే నాలుగు ఆకులేసి మురిపించి నెల తిరక్కుండా కుళ్ళిపోతుంది. నేను మొదటిసారి పెట్టిన 8 ముక్కల్లో 7 అలాగే పోయాయి. ఎనిమిదోది అల్మరా మీద వెనక్కి జరిగి నా కంట పడలేదు, దానికి మూడు వారాలు చుక్క నీళ్ళు అందలేదు, అదొక్కటే వేళ్ళు పట్టింది. అప్పటినుంచి ప్రతి ఏటా పెడుతున్నాను. నాకు అర్థమైంది ఇదీ: చలి ప్రాంతంలో ఈ ముక్కల్ని ఎక్కువసార్లు చంపేది చలి కాదు, మనం పోసే నీళ్ళూ, మన తొందరా. చలి సంగతి తర్వాత వస్తుంది, దానికీ దారి ఉంది, కింద చెబుతాను.

ముందు రకం తేల్చుకోండి

గింజ నుంచి పెంచే ఆలోచన పెట్టుకోవద్దు. గింజ మొలుస్తుంది, మొక్కా పెరుగుతుంది, కానీ తల్లి చెట్టు గుణాలు రావు, పైగా గింజ మొక్కల్లో సుమారు సగం మగ చెట్లు, వాటి కాయలు తినడానికి పనికిరావు. అది తెలిసేసరికి ఏళ్ళు గడిచిపోతాయి. కొమ్మ ముక్క అలా కాదు, అది తల్లి చెట్టే. ఈ పద్ధతి ఎంత పాతదంటే, జోర్డాన్ లోయలో గిల్గల్ అనే చోట తవ్వకాల్లో సుమారు 11,400 ఏళ్ళ నాటి ఎండు అంజూర కాయలు దొరికాయి. అవి కొమ్మలు నాటితే తప్ప కొనసాగని రకానివని, అంటే తిండిగింజల సాగు కన్నా ముందే మనుషులు అంజూర కొమ్మలు నాటి ఉండాలని వాటిని పరిశీలించిన శాస్త్రవేత్తలు 2006లో వాదించారు.

రకం ఎందుకు ముఖ్యమంటే, అంజూర కాయ అసలు కాయే కాదు, లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. మేడిపండు పొట్ట విప్పితే పురుగులు కనబడతాయి కదా, వాటిలో ఎక్కువ భాగం పుప్పొడి మోసే చిన్న చిన్న కందిరీగలూ వాటి పిల్లలూ. మేడి, మర్రి, రావి, అంజూర అన్నీ ఒకే కుటుంబం, ఒకే ప్రజాతి. అంజూరలో స్మిర్నా జాతి రకాలకి, అంటే కాలిమిర్నా లాంటివాటికి, అలాంటి కందిరీగ వచ్చి పరాగ సంపర్కం చేస్తే తప్ప పిందెలు నిలవవు. ఆ కందిరీగ గట్టి చలి ప్రాంతాల్లో ఉండదు. కాబట్టి మీకు కావలసింది పరాగ సంపర్కం అక్కర్లేకుండానే కాసే మామూలు రకం. శాన్ పెడ్రో అనే మధ్య రకం ఇంకోటి ఉంది, దాంట్లో పాత కొమ్మ మీద వచ్చే మొదటి కాపు కందిరీగ లేకుండానే పండుతుంది, కొత్త కొమ్మ మీది రెండో కాపుకి మాత్రం కందిరీగ కావాలి. డెజర్ట్ కింగ్ ఈ కోవలోది. శీతాకాలం మరీ తీవ్రం కాకుండా, వేసవి మాత్రం చల్లగా ఉండే చోట అది చాలా బాగుంటుంది. శీతాకాలం పాత కొమ్మని చంపేసే చోట దానివల్ల ఏ లాభమూ లేదు.

రకం ఎంచుకునేటప్పుడు అందరూ చలికి ఎంత తట్టుకుంటుందనే అడుగుతారు. నా మటుకు నేను ఎంత తొందరగా పండుతుందని ముందు అడుగుతాను. చలికి చెట్టుని కాపాడుకోవచ్చు, కానీ పొట్టి వేసవిని పొడిగించలేం కదా. రోండ్ ద బోర్డో, ఫ్లోరియా తొందరగా పండే రకాలు. చికాగో హార్డీకి ఉన్న పేరు వేరే కారణంగా వచ్చింది: పైన కొమ్మలన్నీ చచ్చిపోయినా నేలలోంచి మళ్ళీ చిగురేసి అదే ఏడాది కాపు పట్టగలదు. సెలెస్ట్, వయొలెట్ ద బోర్డో కుండీలకి బాగుంటాయి. బ్రౌన్ టర్కీ దగ్గర మాత్రం కాస్త జాగ్రత్త, ఒక్కో చోట ఒక్కో చెట్టుకి ఆ పేరు పెట్టి ఇస్తుంటారు, కాబట్టి మీలాంటి వాతావరణంలో కాయలు పండించిన చెట్టు నుంచే కొమ్మ తెచ్చుకోండి.

కొమ్మ ఎప్పుడు, ఎలా కోయాలి

ఆకులన్నీ రాలి చెట్టు నిద్రలోకి జారాక, గట్టి మంచు కొమ్మల్ని దెబ్బతీయక ముందు కోయాలి. చెట్టు గరాజ్‌లోనో సెల్లార్‌లోనో భద్రంగా ఉంటే శీతాకాలం చివర్లో, మొగ్గలు ఉబ్బక ముందు కోసినా సరే. ఆ ఏడాది పెరిగిన కొమ్మ, పెన్సిల్ లావు నుంచి బొటనవేలి కన్నా కొంచెం సన్నం దాకా, బెరడు బూడిద లేదా గోధుమ రంగుకి తిరిగి గట్టిపడింది అయితే మంచిది. కొమ్మ చివర ఉండే ఆకుపచ్చ లేత భాగం అందరికీ ముద్దొస్తుంది, దాంట్లో బెండు ఎక్కువ, కుళ్ళిపోయేది ముందు అదే. దాన్ని వదిలేయండి.

ఒక్కో ముక్క 15 నుంచి 20 సెం.మీ. ఉండి, కనీసం 3 కణుపులు ఉండాలి. కింద కోత కణుపుకి సరిగ్గా దిగువన అడ్డంగా, పైకోత మొగ్గకి 2 సెం.మీ. పైన ఏటవాలుగా. ఇలా రెండు రకాలుగా కోయడం ఎందుకంటే, నెల తర్వాత ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు ఏది తల ఏది మొదలో చూడగానే తెలియాలి. తలకిందులుగా నాటితే అవస్థే.

కోసేటప్పుడు పాలు కారతాయి. ఆ పాలు చర్మానికి అంటి, ఆ చోట ఎండ తగిలితే కాలినట్టు బొబ్బలెక్కే ప్రమాదం ఉంది, కాబట్టి చేతి తొడుగులు వేసుకోండి, కళ్ళు రుద్దుకోవద్దు. కత్తెరని ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి మారేటప్పుడు స్పిరిట్‌తో తుడవండి. కోసిన వెంటనే ముక్క మీద టేపు చుట్టి రకం పేరు రాయండి. తర్వాత రాద్దాంలే అనుకున్నవి నా దగ్గర మూడు చెట్లు ఉన్నాయి, ఇప్పటికీ వాటి పేరు నాకు తెలీదు.

కొమ్మ ఇచ్చేవాళ్ళ చెట్టు ఆకుల మీద పసుపు మచ్చలు, ఆకు వంకరలు ఉన్నాయేమో అడగండి. అది మొజాయిక్ తెగులు కావచ్చు, కొమ్మ ముక్కతో పాటే వచ్చేస్తుంది, దానికి మందు లేదు. చాలా చెట్లలో ఇది కొంచెమో గొప్పో ఉండి, అయినా చక్కగా కాస్తుంటాయి. కానీ ఆకులు బాగా ముడుచుకుపోయిన బలహీనమైన చెట్టు నుంచి మాత్రం తీసుకోవద్దు.

ఫ్రిజ్‌లో దాచడం

శీతాకాలం మొదట్లో కోసిన ముక్కల్ని వెంటనే నాటితే వేళ్ళొచ్చి చిగురేసేసరికి బయట ఇంకా మంచే ఉంటుంది. మొక్క నెలల తరబడి ఇంట్లో దీపం కింద ఉండాలి. దీపాలు లేనివాళ్ళు మీ ప్రాంతంలో ఆఖరి మంచు పడే తేదీకి 10 నుంచి 12 వారాల ముందు నాటేలా లెక్కేసుకుని అప్పటిదాకా దాచుకోండి.

టిష్యూ పేపర్ తడిపి, నీరంతా పిండేసి, చేతికి చల్లగా తగిలేంత తేమ మాత్రమే ఉంచి, ముక్కలకి చుట్టి, జిప్ కవర్లో పెట్టి గాలి తీసేసి ఫ్రిజ్‌లో పెట్టండి. 2 నుంచి 5 డిగ్రీల దగ్గర రెండు మూడు నెలలు హాయిగా ఉంటాయి. రెండు వారాలకోసారి తీసి చూడండి. కవర్ లోపల నీటి బొట్లు పట్టి ఉంటే తేమ ఎక్కువైంది, పేపర్ మార్చండి. తెల్ల బూజు కనబడితే కడిగి ఆరబెట్టి మళ్ళీ చుట్టండి. ఫ్రీజర్‌లో పెడితే మాత్రం అంతే సంగతులు.

నాటే ముందు

గోరుతో బెరడు కొంచెం గీకండి. కింద తడిగా, లేత ఆకుపచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. గోధుమ రంగులో పొడిగా ఉంటే అది కట్టెపుల్ల. కొంచెం వడిలినట్టున్నవాటిని ఒక రాత్రి గది వేడిమి నీళ్ళలో నానబెడితే తేరుకుంటాయి.

తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసిన నీళ్ళలో మెత్తటి బ్రష్‌తో మొగ్గలు విరగకుండా రుద్ది కడగండి. బూజు ఇదివరకే కనబడిన వాటిని 1 పాలు బ్లీచ్, 9 పాళ్ళు నీళ్ళు కలిపిన దాంట్లో రెండు నిమిషాలు ముంచి, మంచినీళ్ళతో బాగా కడిగి ఆరబెట్టండి. ఇంత శుభ్రం ఎందుకంటే మనం వీటిని వెచ్చగా, తేమగా ఆరు వారాలు ఉంచబోతున్నాం, బూజుకి అంతకన్నా సుఖమైన ఇల్లు లేదు.

కింది 3 సెం.మీ. దగ్గర బెరడుని రెండు వైపులా సన్నగా నిలువుగా గీస్తే వేళ్ళు అక్కడినుంచీ వస్తాయి. వేళ్ళు పుట్టడానికి వాడే రూటింగ్ హార్మోన్ పొడి, అంటే ఐబీఏ అనే మందు ఉన్నది, ఉంటే అద్దండి, లేకపోయినా ఫర్వాలేదు, అంజూరకి దానంతట దానికే వేళ్ళేసే గుణం బాగా ఉంది. పై సగానికి పారాఫిల్మ్ చుట్టడం మాత్రం తప్పకుండా చేయమంటాను. అది అంటు కట్టేవాళ్ళు వాడే సాగే పల్చటి టేపు. ముక్కలోని నీరు ఆవిరైపోకుండా ఆపుతుంది, మొగ్గ దాన్ని పొడుచుకుని బయటికి వస్తుంది. ఇది చుడితే పైన ప్లాస్టిక్ కవర్ కప్పాల్సిన అవసరం ఉండదు, ఆకులు మొదటినుంచీ మామూలు గది గాలికే అలవాటు పడతాయి.

తేమ: గెలుపూ ఓటమీ ఇక్కడే

కోకోపీట్, అంటే కొబ్బరి పొట్టు, ఒక వంతు, పెర్లైట్, అంటే తేలికైన తెల్లటి గుల్ల రాతి పలుకులు, ఒక వంతు. తోట మట్టి వద్దు, కంపోస్టు వద్దు, ఎరువు అసలే వద్దు. వేళ్ళు లేని కొమ్మకి తిండి పెడితే అది తినదు, బూజు తింటుంది.

కోకోపీట్‌ని ముందు తడిపి బాగా పిండి, తర్వాత పెర్లైట్ కలపండి. ఇప్పుడు ఒక గుప్పెడు తీసుకుని పిడికిలి గట్టిగా బిగించండి. వేళ్ళ సందుల్లో ఒకటి రెండు చుక్కలు మెరిస్తే సరే, కారితే తడి ఎక్కువైంది, ఇంకా పిండాలి. పిడికిలి తెరిస్తే ముద్ద నిలబడాలి, వేలితో ముట్టుకుంటే విడిపోవాలి. ఈ తేమ చాలా తక్కువనిపిస్తుంది, చెయ్యి ఊరుకోదు, ఇంకో గ్లాసు పోద్దామనిపిస్తుంది. పోయకండి. వేళ్ళు పుట్టడానికి నీళ్ళెంత కావాలో గాలీ అంతే కావాలి, తడి ఎక్కువై గాలి సందులు మూసుకుపోతే బెరడు కింద నల్లబడడం మొదలవుతుంది.

అర లీటరు పారదర్శకమైన ప్లాస్టిక్ గ్లాసులు తీసుకుని అడుగున నాలుగైదు, పక్కల అడుగుకి దగ్గర్లో నాలుగు బెజ్జాలు పెట్టండి. మిశ్రమం సగం పోసి, ముక్క నిలబెట్టి, మిగతాది పోయండి. ఒకటో రెండో కణుపులు లోపల, ఒక మొగ్గయినా బయట ఉండాలి. మరీ అదిమి కుక్కొద్దు, గ్లాసుని బల్ల మీద రెండుసార్లు తట్టితే చాలు. వేళ్ళకి వెలుతురు సరిపడదు కాబట్టి ఈ గ్లాసుని ఇంకో రంగు గ్లాసులో దించండి, చూడాలనుకున్నప్పుడు పైకి ఎత్తి చూసుకోవచ్చు.

ఇక నీళ్ళు ఎప్పుడు పోయాలన్న టెన్షన్ లేకుండా నేను చేసే పని ఒకటి చెబుతాను. నాటిన రోజే గ్లాసుని వంటింటి తూకం మీద పెట్టి బరువు మార్కర్‌తో గ్లాసు మీదే రాస్తాను. ఉదాహరణకి 300 గ్రాములు అనుకుందాం. వారానికోసారి తూస్తాను. 260 దగ్గరికి దిగేదాకా చుక్క పోయను, దిగాక సిరంజితో గ్లాసు అంచు వెంబడి 30 మి.లీ. పోస్తాను, కొమ్మ మొదట్లో పోయను. తూకం లేకపోతే గ్లాసు లోపలి గోడ చూడండి. అక్కడ సన్నటి ఆవిరి పట్టి ఉందంటే లోపల తేమ చాలినంత ఉన్నట్టే. గోడ పూర్తిగా పొడిగా కనబడి, గ్లాసు చేతికి తేలిగ్గా అనిపించినప్పుడే పోయండి. వేళ్ళొచ్చేదాకా మొత్తం మీద రెండు మూడు సార్లకన్నా ఎక్కువ పోయాల్సి రాదు.

వెచ్చదనం

22 నుంచి 26 డిగ్రీలు. చలి ప్రాంతాల్లో కిటికీ గట్టు రాత్రి పూట ఎంత చల్లబడుతుందో మనకి తెలీదు, అక్కడ పెడితే వేళ్ళు కదలవు, తేమ మాత్రం అలాగే ఉండి కుళ్ళు మొదలవుతుంది. ఫ్రిజ్ పైన, వాటర్ హీటర్ పక్కన, లేదా హీట్ మ్యాట్ మీద పెట్టండి. హీట్ మ్యాట్ వాడితే థర్మామీటర్ మిశ్రమంలో గుచ్చి చూడాలి, 30 దాటితే కొమ్మ ఉడికినట్టే. ఆకు విచ్చేదాకా వెలుతురుతో పని లేదు.

ఆకు చూసి మోసపోకండి

రెండో వారంలోనో మూడో వారంలోనో మొగ్గ పగిలి పచ్చటి ఆకు విచ్చుకుంటుంది. ఇంట్లో అందరినీ పిలిచి చూపించాలనిపిస్తుంది. ఆ ఆకు కొమ్మలో దాచుకున్న తిండితో వచ్చింది, దానికింద వేరు ఉండి ఉండొచ్చు, లేకపోయీ ఉండొచ్చు. నా మొదటి 7 ముక్కలూ చచ్చింది ఇక్కడే: ఆకులొచ్చాయి కదా, ఇక మొక్కే అని రోజూ నీళ్ళు పోశాను, పెద్ద కుండీలోకి మార్చాను, ఎరువు కూడా వేశాను. పదో రోజుకి ఆకులు వేలాడిపోయాయి, ఎండిపోతోందేమోనని ఇంకా పోశాను. లాగి చూస్తే అడుగు భాగం నల్లగా మెత్తబడి బెరడు తొడుగులా ఊడి వచ్చింది, ఒక్క వేరూ లేదు.

కాబట్టి ఆకు వచ్చినా ఏమీ మార్చకండి. వెలుతురు మాత్రం ఇవ్వండి, ఎల్‌ఈడీ దీపం రోజుకి 12 నుంచి 14 గంటలు. ఆకుతో పాటు బఠానీ అంత పిందె వస్తే గిల్లేయండి, ఎంత బాధనిపించినా సరే, అది ఉన్న కాస్త తిండినీ లాగేస్తుంది.

గ్లాసు ఎత్తి చూస్తూ ఉంటే ముందు బెరడు మీద గసగసాలంత తెల్ల బుడిపెలు కనబడతాయి. కోసిన చోట తెల్లటి కండ కూడా కడుతుంది, దాన్ని బూజనుకుని తుడిచేయకండి. బూజు దూదిలా లేచి ఉంటుంది, ఇది గట్టిగా ఉబ్బి ఉంటుంది. తర్వాత తెల్లటి వేళ్ళు, సేమ్యాలా, గ్లాసు గోడ వెంబడి దిగుతాయి. మూడు వారాలకే వచ్చేవీ ఉన్నాయి, ఎనిమిది వారాలు పట్టేవీ ఉన్నాయి. ఒకే చెట్టు నుంచి ఒకే రోజు కోసినవాటిలో కూడా ఈ తేడా ఉంటుంది. కొమ్మ గట్టిగా ఉన్నంతకాలం ఆశ వదులుకోవద్దు, పీకి చూడొద్దు.

చిన్న నల్ల ఈగలు గ్లాసుల చుట్టూ తిరుగుతుంటే పైభాగం మరీ తడిగా ఉన్నట్టు అర్థం. వాటి పురుగులు లేత వేళ్ళని కొరుకుతాయి. పైన ఒక సెం.మీ. పొడి పెర్లైట్ పరిచి, పసుపు జిగురు అట్టలు పెట్టండి. అయినా తగ్గకపోతే బీటీఐ అనే బాక్టీరియా ఉన్న మందు నీళ్ళలో కలిపి వాడొచ్చు.

కుండీ మార్చడం

వేళ్ళు కనబడిన రోజునే మార్చకండి. మొదటి తెల్ల వేళ్ళు ముట్టుకుంటే విరిగేంత పెళుసు. మూడు నాలుగు వేళ్ళు గోడకి చేరి, వాటికి పక్క వేళ్ళు పుట్టి, రంగు తెలుపు నుంచి కొంచెం గోధుమకి తిరిగేదాకా ఆగండి, సాధారణంగా ఇంకో రెండు మూడు వారాలు. అప్పుడు గ్లాసుని నిలువునా కత్తెరతో కోసి తీసేసి, లోపలి ముద్ద చెదరకుండా 3 నుంచి 4 లీటర్ల కుండీలోకి దించండి. ఒక్కసారే 20 లీటర్ల కుండీలో పెడితే వేళ్ళు అందుకోని మట్టంతా తడిగా ఉండిపోయి మళ్ళీ అదే కుళ్ళు.

ఈ కుండీలో మామూలు పాటింగ్ మిక్స్‌కి మూడో వంతు పెర్లైట్ కలిపితే సరిపోతుంది. రెండు వారాలయ్యాక, కొత్త ఆకు కనబడితే, ద్రవ ఎరువు సగం మోతాదులో మొదలుపెట్టండి.

బయటికి తీయడం

రాత్రులు 10 డిగ్రీలకి దిగడం ఆగాక మొదలుపెట్టండి. మొదటి రోజు నీడలో గంట, మర్నాడు రెండు గంటలు, తర్వాత పొద్దుటి ఎండ, ఇలా పది పన్నెండు రోజుల్లో పూర్తి ఎండకి. దీపం కింద పెరిగిన ఆకుకి ఒక్కసారిగా మధ్యాహ్నం ఎండ తగిలితే తెల్లగా మాడిపోతుంది.

అక్కడినుంచి అంజూర వేగం చూస్తే ముచ్చటేస్తుంది. ఎండ ఎంత ఇస్తే అంత తింటుంది. వేసవి మధ్యలో 10, 12 లీటర్ల కుండీకి మార్చండి. నీళ్ళ విషయంలో ఇప్పుడు పిసినారితనం వద్దు, వేళ్ళు నిండిన కుండీ ఎండాకాలంలో రోజూ అడుగుతుంది. నత్రజని ఎక్కువున్న ఎరువు మాత్రం మొదటి మంచుకి ఆరేడు వారాల ముందే ఆపేయాలి. లేకపోతే శీతాకాలం వచ్చేసరికి కొమ్మ ఇంకా పచ్చిగా ఉంటుంది, పచ్చి కొమ్మ చలికి నిలవదు.

మొదటి శీతాకాలం

ఎంత చలికి తట్టుకునే రకమని పేరున్నా, మొదటి శీతాకాలం మొక్కని బయట వదలొద్దు. రెండోది కూడా వద్దనే నా సలహా. ముదిరిన చెట్టు కొమ్మలు నిద్రలో ఉన్నప్పుడు సుమారు మైనస్ 9 నుంచి మైనస్ 12 దాకా ఓర్చుకుంటాయి, లేత మొక్క అందులో సగం కూడా ఓర్చుకోదు. ఇంకో సంగతి: నేలలోని వేళ్ళకి భూమి వెచ్చదనం ఉంటుంది, కుండీలో వేళ్ళకి నాలుగు వైపులా చలిగాలే. కుండీ మొత్తం గడ్డకట్టి మైనస్ 5 దాటిందంటే వేళ్ళు పోయినట్టే లెక్క.

తేలికపాటి మంచు ఒకటి రెండుసార్లు తగలనివ్వండి, ఆకులు నల్లబడి రాలిపోతాయి, మొక్క నిద్రపోతుంది. అప్పుడు వేడి పెట్టని గరాజ్‌లోకో సెల్లార్‌లోకో మార్చండి. 0 నుంచి 5 డిగ్రీలు అన్నిటికన్నా మంచిది. ఆకుల్లేవు కాబట్టి చీకటైనా పర్వాలేదు. నాలుగు వారాలకోసారి ఒక కప్పు నీళ్ళు, మట్టి పూర్తిగా ధూళి కాకుండా ఉంటే చాలు. ఆ గది 10 డిగ్రీలు దాటుతుంటే మొక్క నడి శీతాకాలంలో లేచి చీకట్లో పాలిపోయిన చిగుళ్ళు వేస్తుంది. అలా అవుతుంటే కుండీని తలుపు దగ్గరికి, నేల మీదకి, ఎక్కడ చల్లగా ఉంటే అక్కడికి జరపండి. చల్లటి చోటే లేనివాళ్ళు మొదటి ఏడాది మొక్కని దీపం కింద పెంచుతూనే ఉండొచ్చు. అంజూరకి చలి నిద్ర పెద్దగా అవసరం లేదు, కానీ పొడి గాలికి ఎర్ర నల్లి పడుతుంది, ఆకుల అడుగున చూస్తూ ఉండండి.

వసంతంలో తొందరపడి బయట పెడితే లేత చిగురు ఒక్క మంచు రాత్రికే నల్లబడిపోతుంది. చిగురు రాకముందే పగలు బయట, మంచు పడే రాత్రి లోపల, ఇలా మోసే ఓపిక ఉంటే మూడు నాలుగు వారాలు కలిసొస్తాయి. పొట్టి వేసవి ఉన్నచోట ఆ నాలుగు వారాలే కాయలు పండడానికీ పండకపోవడానికీ తేడా.

నేలలో పెట్టాలనుకుంటే

మూడో వసంతంలో, కాండం బొటనవేలి లావు అయ్యాక పెట్టండి. శరదృతువులో వద్దు, వేళ్ళు పట్టేలోపే చలి వస్తుంది. ఎండ బాగా పడే గోడ పక్కన చోటు దొరికితే అంతకన్నా కావలసింది లేదు, పగలు గోడ పీల్చుకున్న వేడి రాత్రి చెట్టుకి అందుతుంది. కుండీలో ఉన్న మట్టి మట్టం కన్నా 10 నుంచి 15 సెం.మీ. లోతుగా నాటండి. పైదంతా పోయినా ఆ లోతులో ఉన్న మొగ్గలు మళ్ళీ లేస్తాయి.

చలి దిగేముందు కొమ్మల్ని తాడుతో దగ్గరికి కట్టి, చుట్టూ సన్న కన్నాల తీగ వల నిలబెట్టి, లోపల ఎండుటాకులు నింపి, పైన వాన పడకుండా కప్పాలి. వల అడుగు నేలలోకి దిగి ఉండాలి, లేకపోతే ఎలుకలు ఆ వెచ్చదనంలో కాపురం పెట్టి బెరడు చుట్టూ కొరికేస్తాయి. చెట్టుకి ప్లాస్టిక్ నేరుగా చుట్టకండి, ఎండ పడినప్పుడు లోపల వేడెక్కి చెట్టు లేస్తుంది, రాత్రికి చస్తుంది. న్యూయార్క్ లాంటి చోట్లకి వలస వెళ్ళిన ఇటాలియన్ కుటుంబాలు చెట్టుకి ఒక వైపు వేళ్ళు తెంచి, కందకం తవ్వి, చెట్టుని దాంట్లోకి వంచి పూర్తిగా మట్టి కప్పేసేవి. వసంతంలో మళ్ళీ నిలబెట్టేవి. దానికన్నా తేలిక, కాండాన్ని మొదటినుంచే నేలకి ఒక అడుగు ఎత్తులో అడ్డంగా పాకించి, ఏటా దాని మీదినుంచి నిలువు కొమ్మలు లేపడం. శీతాకాలంలో నిలువు కొమ్మలు కోసేసి ఆ అడ్డ కాండాన్ని మాత్రం కప్పితే సరిపోతుంది.

కాయలు పండించుకోవడం

మొదటి ఏడాది పిందెలన్నీ గిల్లేయండి. రెండో ఏడాది నుంచి కాయనివ్వొచ్చు. ప్రధాన కాపు కొత్త కొమ్మ మీద, ఆకు మొదట్లో ఒక్కొక్కటిగా వస్తుంది. కొమ్మకి 5, 6 ఆకులు రాగానే కొన చిగురుని తుంచేస్తే పెరుగుదల ఆగి పిందెలు తొందరగా పడతాయి. ఈ పని వేసవి మొదటి సగంలోనే అయిపోవాలి, ఎందుకంటే బఠానీ సైజు పిందె పండు కావడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. మీ మొదటి మంచు తేదీ నుంచి వంద రోజులు వెనక్కి లెక్కపెట్టండి. ఆ తర్వాత పడిన పిందెలు పండవు, వాటిని తీసేస్తే ముందు వచ్చినవాటికి బలం వస్తుంది. పిందె మధ్యలో వారాల తరబడి ఏ మార్పూ లేకుండా ఆగిపోయినట్టు కనబడుతుంది, అది దాని స్వభావం, చివరి వారంలో ఒక్కసారిగా ఉబ్బి రంగు తిరుగుతుంది.

కోయడానికి రంగు ఒక్కటే చూడొద్దు. కాయ మెడ మెత్తబడి, తల కిందికి వేలాడి, పట్టుకుంటే మెత్తటి బరువు తెలియాలి. అంజూర కోశాక తీపెక్కదు. కోసిన చోట తెల్ల పాలు కారుతుంటే ఇంకా రెండు రోజులు ఉండాల్సింది.

మంచు మొదలయ్యేసరికి చెట్టు మీద ఇంకా గట్టి కాయలు మిగిలి ఉంటే, కుండీని లోపలికి చేర్చే ముందు వాటన్నిటినీ కోసేయండి. అవి శీతాకాలమంతా కొమ్మ మీద కుళ్ళి బూజుని కొమ్మలోకి దించుతాయి. కొమ్మ చివర, మొగ్గ పక్కన మిరియం గింజంత ఉన్నవాటిని మాత్రం ముట్టుకోవద్దు. శీతాకాలం దాటి నిలబడితే వచ్చే వేసవిలో ముందుగా పండే కాయలు అవే.